తోలు గుడ్డ కాదు

దూడ చచ్చిపోతే బర్రె పాలు చేపదు. అందుకని పల్లెల్లో ఆ దూడ తోలు ఒలిచి, గడ్డి కూరి, బర్రె ముందు నిలబెట్టేవారు. బర్రె దాన్ని మూచూసి, నాకి, పాలు చేపేది. కాళ్లు వంకరపోయినా, కళ్లు లేకపోయినా దానికి పట్టింపు లేదు, వాసన ఉంటే చాలు. మనిషి అలా కాదు, కంటితో చూసి నమ్ముతాడు. చచ్చిన జంతువును బతికున్నట్టు నిలబెట్టే ట్యాక్సిడెర్మీలో తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో అలా కూరి నిలబెట్టిన ఒక వాల్రస్ (పొడుగాటి కోరలుండే పెద్ద సముద్ర జంతువు) ఉంది. కెనడాలోని హడ్సన్ బే ప్రాంతం నుంచి వచ్చింది, 1886లో లండన్ ప్రదర్శనలో జనం చూశారు. బతికున్న వాల్రస్ తోలు మెడ దగ్గర, భుజాల దగ్గర మడతలు పడి వేలాడుతుంది. దీన్ని తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. మడతలు పోయేదాకా, పట్టినంతా కూరేశారు. ఈరోజుకీ అది ఒక్క ముడత లేకుండా, ఉబ్బిన తిత్తిలా బిగుసుకుని కూర్చుంది.

వాళ్లను తప్పుపట్టలేం. తడి తోలు సాగుతుంది, ఎంత కూరితే అంత పడుతుంది. లోపల ఉండిన ఒంటి కొలత ఎంతో తోలును చూసి చెప్పడం కష్టం. అందుకే ఒలవకముందే మెడ చుట్టుకొలత, కంటి నుంచి ముక్కు దాకా దూరం, నడుము కొలిచి రాసుకోవాలి. అమెరికాలో కార్ల్ ఏక్లీ (1864–1926) అసలు కూరడమే మానేశాడు. కండరాలతో సహా ఒంటిని మట్టితో మలిచి, దానికి అచ్చు తీసి, ఆ అచ్చుతో తేలికైన బోలు బొమ్మ చేసి, తోలును దానికి తొడిగాడు. ఈ విద్యలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం.

కొలతలు సరిపోయినా గండం గడిచినట్టు కాదు, ఎండేటప్పుడు తోలు మళ్లీ కదులుతుంది. డప్పును మంట దగ్గర కాచితే తోలు ఎలా బిగుస్తుందో తెలిసిందే. తోలులోని కొల్లాజెన్ పోగుల మధ్య నీరు ఆరిపోతే, పోగులు దగ్గరకు జరిగి లాక్కుంటాయి. ఉడతను తయారుచేసిన రోజు దాని చెవి చిన్న దొన్నెలా అందంగా ఉంటుంది. నాలుగు రోజులకు అంచులు ముడుచుకుపోతాయి, లోపలి తోలు మృదులాస్థిని వదిలేసి గుంటకు అడ్డంగా సాగి నిలుస్తుంది. రెప్పలు వెనక్కి లాగేసి గాజుకళ్లు బయటికి పొడుచుకొస్తాయి, పాపం ఉడత దేనికో హడలిపోయినట్టు ఉంటుంది. చెవికి రెండువైపులా అట్టముక్కలు బిగించి, రెప్పలను గుండుసూదులతో ఆపి, మొదటి వారం రోజూ చూసుకుంటూ ఉండాలి.

అన్నిటికన్నా బాధపెట్టేది వెంట్రుకలు ఊడిపోవడం. పొట్ట దగ్గర వేళ్లతో అలా తాకితే కుచ్చుకుచ్చే చేతికొస్తుంది, కింద నున్నటి తోలు బయటపడుతుంది. వెంట్రుక కుదురు చుట్టూ ఉండేది పైచర్మపు పొరే. బాక్టీరియా, చచ్చిన కణాల్లోని ఎంజైములు కలిసి ఆ పొరకూ అడుగు చర్మానికీ మధ్య పట్టును కరిగించేస్తాయి. తోళ్లు ఊనేవాళ్లు వెంట్రుకలు పోవాలనే సున్నంలో నానబెడతారు, ఇక్కడ కావలసింది దానికి సరిగ్గా తిరగబడ్డ పని. పేగుల్లో బాక్టీరియా ఎక్కువ కాబట్టి పొట్టే ముందు పాడవుతుంది. దట్టమైన బొచ్చు లోపలి వేడిని బయటికి పోనివ్వదు, ఫ్రీజర్‌లో పెట్టినా నడుమ భాగం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ఉప్పు పట్టించినా, కొవ్వు గీకకుండా వదిలేసినచోట అది లోపలికి దిగదు. ఒకసారి పట్టు వదిలితే దాన్ని మళ్లీ తెచ్చే మందు లేదు.

బ్రిటన్, అమెరికాల్లో సరదాగా నేర్చుకునేవాళ్లకు ఈ పాఠాలన్నీ ఉడతలు, నెమలిజాతి ఫెజెంట్ పక్షులే చెబుతాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ట్యాక్సిడెర్మీ వ్యాపారం చేయకూడదు.

ఇక పురుగులు. తోలు, ఈకలు తినే చిన్న పెంకుపురుగుల పిల్లలు ఏళ్ల శ్రమను పొడి చేసేస్తాయి. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని మెట్స్ పట్టణానికి చెందిన బెకూర్ అనే ఆయన సబ్బులో ఆర్సెనిక్ అనే విషం కలిపి తోలు లోపలివైపు పూశాడు. పురుగులు ఆగాయి, ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు చాలామంది దాని బదులు బోరాక్స్ (వెలిగారం) వాడుతున్నారు. కానీ ఆర్సెనిక్ ఆవిరై పోయేది కాదు, పాత నమూనాల్లో ఇంకా అలాగే ఉంది. తాతల నాటి దుప్పి తల ఏ ఇంటి గోడకైనా ఉంటే చేతి తొడుగులు లేకుండా దుమ్ము దులపకండి, పిల్లలను నిమరనివ్వకండి.