ఒక్క ‘సరే’తో అయిపోదు: క్యూబా సాంతెరియా ఫొటోలపై అపోహలు – వాస్తవాలు

క్యూబా వెళ్తున్నాం, సాంతెరియా (పశ్చిమాఫ్రికా యొరూబా ప్రజల దేవతలను కొలిచే క్యూబా మతం) పూజల ఫొటోలు తీయాలని ఉంది అంటూ నాకు మెసేజ్ పెట్టే కుర్రాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఏ లెన్సు, ఎన్ని రోజులు అని మొదలుపెట్టి అందరూ ఒకే చోటికి వస్తారు: “అన్నా, పర్మిషన్ దొరికితే ఇక ఏదైనా తీసుకోవచ్చు కదా?” చాలామందిని గుమ్మం బయట నిలబెడుతున్నది ఈ అపోహే. ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఇంటివాళ్లు ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే.

వాస్తవం: సాంతెరియాకు విడిగా గుడి ఉండదు, సాంతెరో, అంటే పూజారి, ఉండే ఇల్లే గుడి. మనల్ని పిలిచింది ఇంటివాళ్లు కాబట్టి వాళ్ల మాటే చివరి మాట అనుకుంటాం. కానీ ఒక తంబోర్ (దేవతల కోసం డ్రమ్ములు వాయించే పూజ) జరుగుతుంటే అక్కడ చాలామంది మాట చెల్లుతుంది. బతా డ్రమ్ములు మూడు: ఇయా, ఇతోతెలె, ఒకోన్‌కోలో. అవి ప్రతిష్ఠ చేసినవైతే వాటిలో అన్యా అనే దైవం ఉంటుంది. వాటి దగ్గరికి కెమెరా రావచ్చో లేదో డ్రమ్ముల పెద్దే చెప్పాలి. టూరిస్టు షోలలో ప్రతిష్ఠ లేని డ్రమ్ములు మోగుతాయి, అక్కడ ఎవరూ అడ్డుచెప్పరు. ఆ అలవాటుతో అసలు తంబోర్‌లో దూరిపోతేనే గొడవ మొదలవుతుంది.

తర్వాత ఇయావో, అంటే కొత్తగా దీక్ష తీసుకున్న మనిషి. దీక్ష తీసుకున్నాక ఏడాదిపాటు తల నుంచి కాలి దాకా తెలుపే. ఆ ఏడాది నియమాల్లో ఫొటో దిగకపోవడం కూడా ఒకటి, మొదటి నెలల్లో అద్దం కూడా చూసుకోరు. “రోడ్డు మీద కనిపించిందిగా, ఇది స్ట్రీట్ ఫొటోగ్రఫీయేగా” అని నాతో వాదించకండి. ఆమె ఏడాది దీక్షకంటే మీ ఫ్రేము గొప్పదేమీ కాదు.

అన్నిటికంటే చిక్కు, పూనకం వచ్చిన మనిషి విషయంలో. ఒరిషా, అంటే దేవత, ఒంటి మీదికి దిగినప్పుడు ఆ మనిషి సరే అనలేరు, వద్దనీ అనలేరు. అందుకే ముందే చెప్తాను: తీసినవన్నీ ఇంటి పెద్దకు చూపిస్తాను, ఆమె తీసెయ్యమన్నవి తీసేస్తాను. క్యూబాలోని మతాన్సాస్ నగరంలో ఓ ఇంటి పెద్దావిడ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కెమెరా స్క్రీన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. నేను లోలోపల మురిసిపోతున్న ఫొటో దగ్గర ఆగింది. ఓచూన్ అనే ఒరిషా దిగిన అమ్మాయి, భుజం జారిన పసుపు బట్ట, మెడ మీద చెమట. “ఈ పిల్ల బడిలో టీచరు. రేపు పిల్లల అమ్మానాన్నలు చూస్తారు” అంది. డిలీట్ చేశాను. ఆ ఇంటికి ఇప్పటికీ వెళ్తుంటాను.

ఇక దీక్ష జరిగే గదిలోకి దీక్ష లేనివాళ్లు అడుగే పెట్టరు, కెమెరా ఊసు దేనికి? క్యూబా కాదుగానీ, ఇదే యొరూబా మూలమున్న బ్రెజిల్ మతం కాందోంబ్లేలో ఒకసారి ఆ తలుపు తెరుచుకుంది. 1951లో ‘ఓ క్రుజేయ్‌రో’ పత్రిక జోసె మెదేయ్‌రోస్ తీసిన దీక్ష ఫొటోలు వేసింది. శీర్షిక ఏం పెట్టిందో తెలుసా? “రక్తపిపాసి దేవుళ్ల వధువులు”. ఫొటోలకు పేరొచ్చింది. దీక్ష గదిలోకి కెమెరాను రానిచ్చిన పూజారిణి మాత్రం తనవాళ్ల మధ్యే నింద మోసింది.

అపోహ: ఇదంతా చేతబడి.

వాస్తవం: జాతరల్లో మేకపోతును చూస్తూ పెరిగినవాళ్లు కూడా ఇది అడుగుతారు, నాకు ఒళ్లు మండుతుంది. కోళ్లను, మేకలను బలిస్తారు, చాలావరకు వండుకు తింటారు. ఫ్లోరిడాలోని హయలీయా నగరం ఈ బలులను నిషేధిస్తే 1993లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. నా ఫొటో కింద ‘క్షుద్రపూజలు’ అని వేసిన పత్రిక ఒకటుంది, పేరు వద్దులెండి. అందులో సాంతెరియాను, క్యూబాలోనే ఉన్న వేరే సంప్రదాయాలు పాలో, అబాక్వాలను కలిపి ఒకే ముద్ద చేశారు.

అపోహ: డబ్బిస్తే పనైపోతుంది.

వాస్తవం: డ్రమ్ముల ముందున్న గిన్నెలో వచ్చినవాళ్లందరూ డబ్బు వేస్తారు, మీరూ వేయండి. దాన్ని టికెట్ అనుకోకండి.

అపోహ: హవానా దగ్గరి ఎల్ రింకోన్ యాత్రకు ఏ నియమమూ లేదు.

వాస్తవం: డిసెంబర్ 16 రాత్రి, 17న సాంతెరియావాళ్లు కూడా కొలిచే క్యాథలిక్ సెయింటు సాన్ లాసరో చర్చికి వేలమంది వస్తారు. అక్కడ కెమెరాకు అడ్డు తక్కువే. కానీ ఒకతను చీలమండకు కట్టిన రాయిని లాగుతూ వెల్లకిలా పాక్కుంటూ వస్తుంటాడు, తోడొచ్చినవాడు కొమ్మతో ముందు దారి ఊడుస్తుంటాడు. ఆ ఊడ్చిన దారిలోనే ఫొటోగ్రాఫర్లు బోర్లా పడుకుంటారు! పక్కకు జరగండి బాబూ.

భయపడేవాళ్లకు ఒక మాట. “ఫొటో తీస్తే నాకేమైనా పట్టుకుంటుందా? అమ్మ వద్దంటోంది” అని ఒకమ్మాయి రాసింది. టెన్షన్ పడకమ్మా, నేను ఏళ్ల తరబడి తీస్తూనే ఉన్నాను. నలుపు మానేసి లేత రంగులు వేసుకో, పూజ జరుగుతుంటే చేతులు కట్టుకోకు, కాలు మీద కాలు వేసుకోకు. ఫ్లాష్ వద్దు. ఇరుకు గదిలో అందరూ తెల్లబట్టల్లో ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయి ముఖాలు చీకటైపోతాయి. చెంప మీద మీటర్ చేసి, తెలుపు కాస్త పేలిపోయినా పోనివ్వు. పత్రిక కోసం తీస్తుంటే టూరిస్టు వీసా సరిపోదు, జర్నలిస్టు వీసాకు ఇక్కడి నుంచే అప్లై చేసుకో.