ఫ్రీ కరోకే ట్రాకులతో స్టేజీ ఎక్కే ముందు: అపోహలు - వాస్తవాలు

విభావరికి పాటల జాబితా ఖరారైన గంటలోపే ట్రాకులన్నీ ఫోన్‌లోకి దిగిపోతాయి. చిక్కు బయటపడేది మాత్రం హాల్లోనే. ఎవరో వచ్చి లైసెన్స్ కాగితం అడుగుతారు, లేదా పల్లవి ఎత్తుకోగానే బేస్ మాయమవుతుంది. రెండింటికీ ముందే చూసుకునే దారి ఉంది.

అపోహ: నెట్‌లో ఊరికే దొరికింది కాబట్టి ఎక్కడైనా వేసుకోవచ్చు.

వాస్తవం: ఊరికే దొరికేది ఫైలు, హక్కు కాదు. సినిమా పాటలో మూడు హక్కులుంటాయి: సాహిత్యానిది ఒకటి, బాణీది ఒకటి, రికార్డింగ్‌ది ఒకటి. అసలు పాటలోంచి గొంతు తీసేసి చేసిన ట్రాక్ అయితే ఆ రికార్డింగ్ ఇంకా దాని హక్కుదారుదే. ఎవరైనా కీబోర్డ్, తబలాతో మళ్లీ వాయించి చేసినదైతే కొత్త రికార్డింగ్ వాళ్లది, సాహిత్యం, బాణీ మాత్రం మొదటివాళ్లవే. ‘క్రెడిట్స్ అసలు యజమానులకే’ అని స్క్రీన్ మీద వేసినా అది అనుమతి కాదు. ‘30 సెకన్ల లోపు అయితే పర్వాలేదు’ అన్న లెక్క మన చట్టంలో లేనే లేదు.

అపోహ: ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) లైసెన్స్ ఒక్కటి తీసుకుంటే చాలు.

వాస్తవం: ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ఐపీఆర్‌ఎస్ చూసేది సాహిత్యం, బాణీల హక్కులు. ఆర్కెస్ట్రా వాళ్లు కూర్చుని వాయిస్తే ఆ రెండింటితో సరిపోతుంది. ట్రాక్ వేసి పాడితే ఒక రికార్డింగ్‌ను కూడా జనానికి వినిపిస్తున్నట్టే, దానికి ఆ రికార్డింగ్ హక్కుదారు అనుమతి వేరుగా కావాలి. అందుకే ట్రాక్ తయారుచేసేవాళ్ల దగ్గర డబ్బు పెట్టి కొనేటప్పుడు రసీదులో ‘బహిరంగ ప్రదర్శనకు’ అన్న మాట రాయించుకోండి. ‘వ్యక్తిగత వినియోగానికి’ అని ఉంటే అది ఇంట్లో సాధనకే. లాభం కోసం హాల్ ఇచ్చిన యజమానికీ కాపీరైట్ చట్టం 51వ సెక్షన్ కింద బాధ్యత ఉంటుంది, అది ఉల్లంఘన అని తెలియదని చూపగలిగితే తప్ప. తెలిసి చేస్తే 63వ సెక్షన్ ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా.

అపోహ: పాత పాటలకు హక్కులు ఎప్పుడో తీరిపోయాయి.

వాస్తవం: రికార్డింగ్‌కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికీ, బాణీకీ మాత్రం రాసినవారు, కట్టినవారు కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ‘మాయాబజార్’ 1957 నాటిది, దాని రికార్డింగ్ గడువు 2017తో అయిపోయింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆ సాహిత్యానికి 2031 చివరి దాకా రక్షణ ఉంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా.

భక్తి పాటల్లో ఇంకో మెలిక. అన్నమయ్య పదం మీద ఎవరికీ హక్కు లేదు. అయితే మనం పాడుకునే బాణీల్లో చాలా వరకు 20వ శతాబ్దంలో కట్టినవే. అలా బాణీలు కట్టిన నేదునూరి కృష్ణమూర్తి 2014లో, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025లో పోయారు. ఆ బాణీల గడువు ఇప్పట్లో తీరదు.

అపోహ: పెళ్లిలో పాడినా లైసెన్స్ ఫీజు కట్టాల్సిందే, ప్రవేశం ఉచితమైతే ఎక్కడా కట్టక్కర్లేదు.

వాస్తవం: రెండూ తప్పే. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు 52వ సెక్షన్ మినహాయింపులో ఉన్నాయి. 2023 జులైలో కేంద్రం నోటీసు ఇచ్చి మరీ ఈ సంగతి చెప్పింది. అదే హోటల్లో కొత్త సంవత్సరం పార్టీ, షోరూమ్ ప్రారంభం అయితే, టికెట్ లేకపోయినా ఆ మినహాయింపు రాదు.

అపోహ: ఫైలు మీద 320 (కేబీపీఎస్, అంటే సెకనుకు ఎంత డేటా అన్న లెక్క) అని ఉంది, కాబట్టి మంచి సౌండ్.

వాస్తవం: 128లో ఉన్నదాన్ని 320గా మార్చితే ఫైలు బరువు పెరుగుతుంది, పోయిన సౌండ్ తిరిగిరాదు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిచి చూడండి. ధ్వని ఏ పౌనఃపున్యం దాకా ఉందో చూపే బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే దాదాపుగా అది 128 నుంచి వచ్చిందే. చిన్న స్పీకర్లో తెలియదు. పెద్ద సెట్టు మీద తాళాలు, గజ్జెలు ఇసుక రాలినట్టు వినబడతాయి.

అపోహ: వోకల్ రిమూవర్ ఉంటే ఏ పాటకైనా ట్రాక్ వస్తుంది.

వాస్తవం: పాత పద్ధతి రిమూవర్ ఎడమ ఛానెల్లోంచి కుడిని తీసేస్తుంది. నడిమధ్య ఉన్న గొంతుతో పాటు బేస్, కిక్ డ్రమ్ కూడా పోతాయి, గొంతు తాలూకు ఎకో మాత్రం దెయ్యంలా మిగులుతుంది. 1950లు, 60ల పాటలు మోనో, రెండు ఛానెళ్లూ ఒకటే, తీసేస్తే మిగిలేది నిశ్శబ్దమే. ఏఐతో వేరుచేసేవి చాలా మెరుగు. అయినా గొంతుతో కలిసి నడిచే వేణువు, వయొలిన్ బిట్లను అవి గొంతు అనుకుని మింగేస్తుంటాయి. అందుకే మొదటి బిట్, రెండో బిట్ (చరణాల ముందు వచ్చే వాద్యభాగాలు) రెండూ హెడ్‌ఫోన్స్‌లో పూర్తిగా వినాలి, పల్లవి విని వదిలేయకూడదు.

అపోహ: హాల్లో ట్రాక్ పల్చగా వినబడితే ఫైలే చెడ్డది.

వాస్తవం: ముందు కార్డు (వైరు) చూడండి. ఫోన్ నుంచి స్టీరియో జాక్ కార్డు తెచ్చి మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ కాబట్టి మిక్సర్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. అంటే మీ మంచి ట్రాక్ మీద కూడా ఆ పాత రిమూవర్ పనిచేసినట్టే. జాక్‌ను సగం బయటికి లాగగానే సౌండ్ నిండుగా వచ్చిందా, తప్పు కార్డుదే. 3.5 ఎంఎం నుంచి రెండు మోనో జాకులుగా చీలే వై కార్డు వాడి, రెండు ఛానెళ్లలో పెట్టండి. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుర్రుమంటే డీఐ బాక్స్ (ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

శ్రుతి మార్చేటప్పుడు ఎంపీ3 మీద కాకుండా దొరికితే వేవ్ (కుదించని) ఫైలు మీద మార్చండి. రెండు స్వరస్థానాల వరకు ఫర్వాలేదు, అది దాటితే తబలా డొల్లగా మోగుతుంది. మగ శ్రుతి పాట ఆడ గొంతుకు కావాలంటే ఆ శ్రుతిలో చేసిన ట్రాకే తీసుకోవడం మేలు. మిడి ఫైలైతే ఎంత మార్చినా చెడదు, అందులో ఉండేది స్వరాలే కాబట్టి. బాణీ హక్కు దానికీ వర్తిస్తుంది.

ఇక లెవెల్స్. పది చోట్ల నుంచి దించిన 20 ట్రాకులు 20 రకాలుగా మోగుతాయి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తీసుకుని అన్నింటికీ మైనస్ 16 లఫ్స్ (ఎంత బిగ్గరగా వినబడుతుందో చెప్పే కొలత) పెట్టండి. తర్వాత ఒక్కోదాన్నీ మోనోలో వినండి, చాలా హాళ్లలో సెట్టు మోనోనే. మోనోలో ఏదైనా వాద్యం మాయమైతే ఆ ట్రాక్‌ను పక్కన పెట్టి, రిహార్సల్ రోజుకే మారు ట్రాక్ చూసుకోండి.