మేస్త్రీ వదిలిన కన్నం

ఇల్లు కట్టేటప్పుడు పరంజా వెదుర్లు దూర్చడానికి మేస్త్రీ గోడలో అక్కడక్కడా కన్నాలు వదులుతాడు. పని ముగించి పైనుంచి దిగుతూ ఒక్కో వెదురూ లాగేసి, ఆ కన్నాన్ని ఇటుక ముక్కతో, సిమెంటుతో పూడ్చుకుంటూ వస్తాడు. అవి లేకపోతే గోడ పైకి లేవదు. పూడ్చడం మరిచిపోతే ఇంట్లో వాళ్లకు నిద్ర ఉండదు. మన ఇళ్లలో, జేబుల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువుల్లో చాలావాటికి ఇలాంటి కన్నం ఉంటుంది. లోపలి తప్పులు వెతికి సరిచేయడానికి ఇంజనీర్లు పెట్టుకునే దారి అది, దాన్ని డీబగ్ పోర్టు అంటారు. దాన్ని ఎప్పుడు పూడ్చాలి, ఎంత పూడ్చాలి, పూడ్చినది నిలుస్తుందా అన్న ప్రశ్నల మీద చిప్ భద్రతలో పెద్ద భాగమే ఆధారపడి ఉంది.

పాడైపోయిన వైఫై రౌటర్ ఒకటి విప్పి చూడండి. బోర్డు మీద ఓ పక్కగా, ఏ భాగమూ అతికించని నాలుగు చిల్లులు వరసగా కనబడవచ్చు. అది సీరియల్ కన్సోల్. కొద్ది వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ అడాప్టరును వాటికి తగిలించి, సెకనుకు 1,15,200 బిట్ల వేగం పెట్టి కరెంటిస్తే చాలాసార్లు రౌటర్ నిద్రలేస్తూ తనలో తాను చెప్పుకునే మాటలన్నీ కంప్యూటర్ తెర మీద వరసగా పడతాయి. కొన్ని రౌటర్లయితే పాస్‌వర్డ్ కూడా అడక్కుండా సర్వాధికారాలూ చేతిలో పెడతాయి. మొదటిసారి అది చూసినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. కాసేపటికి, పాత రౌటర్‌ను తుక్కుకు వేసినప్పుడు అందులో మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయిందన్న సంగతి గుర్తొచ్చింది.

సీరియల్ కన్సోల్‌తో యంత్రం మాట వినవచ్చు, దానికి జవాబివ్వవచ్చు. అంతకన్నా లోతైన దారి జేట్యాగ్. అది దొంగల కోసం పుట్టింది కాదు, గూఢచారుల కోసమూ కాదు. 1980లలో సర్క్యూట్ బోర్డులను పరీక్షించడానికి మేకుల పరుపులాంటి పరికరం వాడేవారు. వందల సన్నని సూదులు ఒకేసారి బోర్డు మీది అతుకులను తాకి, ఏది కలిసింది, ఏది కలవలేదు అని చూసేవి. చిప్పుల కాళ్లు చిన్నవై దగ్గరయ్యాయి, బోర్డుల్లో పొరలు పెరిగాయి. సూదికి అందని అతుకులు ఎక్కువయ్యాయి. 1985లో కొన్ని ఎలక్ట్రానిక్స్ సంస్థలు కలిసి ‘జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్’ అని ఒక బృందం పెట్టుకున్నాయి. ఆ పేరు పొడి అక్షరాలే జేట్యాగ్. వాళ్ల పని 1990లో ఇంజనీర్ల సంఘం ఐ ట్రిపుల్ ఈ వారి 1149.1 అనే ప్రమాణంగా వచ్చింది.

ఆలోచన చాలా అందమైనది. బయటి సూది కాలిని తాకలేకపోతే, చిప్ లోపలే ఒక్కో కాలి దగ్గర ఒక బుల్లి కాపలాదారుని కూర్చోబెట్టాలి. వాళ్లందర్నీ గొలుసుగా కలిపి, ఒక చివర నుంచి బిట్లు తోస్తే రెండో చివర నుంచి కబురు బయటికొస్తుంది. దీనికి నాలుగు తీగలు చాలు: లయ కొట్టే గడియారం ఒకటి, ఇప్పుడేం చెయ్యాలో చెప్పేది ఒకటి, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. లోపల నియంత్రణ యంత్రానికి 16 స్థితులు. అది ఏ స్థితిలో తప్పిపోయినా సరే, రెండో తీగను ‘1’ మీద పట్టుకుని గడియారాన్ని ఐదుసార్లు కొడితే మొదటికి వచ్చేస్తుంది. అలా వచ్చాక బిట్లు బయటికి లాగితే, గుర్తింపు సంఖ్య ఉన్న చిప్ అయితే 32 బిట్లలో తనను తయారుచేసింది ఎవరో, తాను ఏ రకమో చెప్పేస్తుంది. ఎవరడిగినా చెబుతుంది. అడిగేవాడెవడు అన్న ప్రశ్న ఆ ప్రమాణంలోనే లేదు. ఫ్యాక్టరీ నాలుగు గోడల మధ్య బోర్డు పరీక్ష కోసం పుట్టినదానికి ఆ ప్రశ్న అవసరం పడలేదు.

తర్వాత ఇంజనీర్లు అదే దారిలో ప్రాసెసర్ గుండె దాకా వెళ్లడం మొదలుపెట్టారు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఉన్నచోటే ఆపడం, రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లెక్కలకు వాడుకునే చిన్న గడుల్లో, ఏముందో చూడడం, మెమరీని చదవడం, మార్చడం అన్నీ ఈ తీగల మీదే సాధ్యమయ్యాయి. ఆర్మ్ సంస్థ డిజైన్ల మీద చేసిన చిప్పులు ఇదే పనిని రెండు తీగలతో చేసే సీరియల్ వైర్ డీబగ్, అంటే ఎస్‌డబ్ల్యూడీని తెచ్చాయి. హైదరాబాద్, బెంగళూరు చిప్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లకు ‘బ్రింగప్’ అన్న మాట బాగా తెలుసు. చిప్పులు తయారయ్యే ఫ్యాబ్ నుంచి కొత్తగా వచ్చిన సిలికాన్‌ను బల్ల మీద పెట్టి, అది కళ్లు తెరిచేదాకా రాత్రింబవళ్లు కూర్చునే రోజులవి. ఆ రోజుల్లో డీబగ్ పోర్టే దిక్కు. అమ్మిన వస్తువు పాడై వెనక్కి వస్తే, ఎందుకు పాడైందో తేల్చడానికీ అదే కావాలి. అందుకే ‘ఆ పోర్టు తీసేస్తే పోలా’ అనే సలహా ఆఫీసులో నిలబడదు.

తీసెయ్యలేనప్పుడు తాళం వెయ్యాలి. వస్తువు ఫ్యాక్టరీ దాటే ముందు చిప్‌లో ఒక ఫ్యూజును కాల్చడమో, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో ఒక ప్రత్యేక గడిలో గుర్తు రాయడమో చేస్తారు. కరెంటు రాగానే చిప్ ఆ గుర్తు చూసి డీబగ్ దారి మూసేస్తుంది. వినడానికి బాగుంది. అసలు చిక్కంతా ఆ ‘కరెంటు రాగానే’ అన్న క్షణంలోనే ఉంది.

2021 ఏప్రిల్ 30న ఆపిల్ సంస్థ ఎయిర్‌ట్యాగ్‌ల అమ్మకం మొదలుపెట్టింది. తాళంచెవుల గుత్తికి తగిలించుకునే బిళ్ల అది, పోగొట్టుకుంటే ఎక్కడుందో చెబుతుంది. పట్టుమని పది రోజులు తిరక్కముందే థామస్ రోత్ అనే జర్మన్ పరిశోధకుడు అందులోని ఎన్‌ఆర్‌ఎఫ్52832 చిప్ తాళం తీసి, లోపలి ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను, బయటికి లాగాడు. దాన్ని మార్చి మళ్లీ ఎక్కించాడు కూడా. దొరికిన బిళ్లను ఫోన్‌తో తాకితే ఆపిల్ పేజీకి బదులు తాను చెప్పిన పేజీ తెరుచుకునేలా చేసి చూపించాడు. ఆ ప్రయత్నంలో రెండు బిళ్లలు పనికిరాకుండా పోయాయి.

తాళం ఎలా తీశాడు? గుర్తును చెరపలేదు, పాస్‌వర్డ్ ఊహించలేదు. చిప్ ఆ గుర్తును చదివే క్షణాన దాని గుండెకు వెళ్లే కరెంటును లిప్తపాటు పడగొట్టాడు. లో-వోల్టేజీలో ట్యూబ్‌లైటు వెలగలేక గింజుకోవడం మనందరం చూసిందే. ట్రాన్సిస్టర్లూ అంతే. సెకనులో అతి చిన్న వంతు పాటు ఓల్టేజీ జారితే, చదవాల్సింది తప్పు చదువుతాయి. మూసి ఉండాల్సిన దారి తెరిచి ఉందనుకుని చిప్ ముందుకెళ్లిపోతుంది. దీన్ని ఓల్టేజీ గ్లిచ్ అంటారు. ఈ చిప్పుల కుటుంబం మీద ఈ దాడి పనిచేస్తుందని అంతకు ఏడాది ముందే, 2020లో, లిమిటెడ్‌రిజల్ట్స్ అన్న మారుపేరుతో రాసే పరిశోధకుడు చూపించాడు. లోపం సిలికాన్‌లో ఉంది కనుక, అమ్ముడుపోయిన చిప్‌కు సాఫ్ట్‌వేర్ అతుకు వేసే వీల్లేదు.

ఆ తర్వాత, ఆ చిప్పులు తయారుచేసే నార్డిక్ సంస్థ వాటి కొత్త తయారీలో చేసిన మార్పు నాకు ఈ రంగంలోని మంచి పాఠాల్లో ఒకటిగా తోస్తుంది. చెరిపేసిన ఫ్లాష్ మెమరీలో బిట్లన్నీ 1గా ఉంటాయి. పాత చిప్‌లో అన్నీ 1 అయితే ‘తెరిచి ఉంచు’ అని అర్థం, మూయాలంటే అక్కడ ఏదో రాయాలి. కొత్త చిప్‌లో అన్నీ 1 అంటే ‘మూసి ఉంచు’. తెరవాలంటే అక్కడ ఒక నిర్దిష్టమైన విలువ ఉండాలి, పైగా లోపల నడిచే ప్రోగ్రామ్ కూడా ఒప్పుకోవాలి. అంటే ఏ పొరపాటు జరిగినా, ఏది చదవడం తప్పినా, ఫలితం మూత వైపే మొగ్గుతుంది. పాతదాంట్లో ఒక్క తప్పు దాడిచేసేవాడికి కలిసొచ్చేది.

తాళం ఏ క్షణాన పడుతుందన్న సంగతికి ఇంకో ఉదాహరణ 2019లో బయటపడింది. మీటింగు గదుల్లో లాప్‌టాప్ తెరను గోడ మీది స్క్రీన్ మీదికి పంపే బార్కో క్లిక్‌షేర్ అనే పరికరం ఉంది. దాని యూఎస్‌బీ బటన్‌లో జేట్యాగ్ మూసే ఏర్పాటు ఉంది. కానీ మూత పడేది చిప్ తన శాశ్వత మెమరీలోని మొదటి కోడ్ నడిపిన తర్వాత. ఆ కోడ్ నడుస్తున్నంతసేపూ దారి తెరిచే ఉంది. తాళం ఉంది, బాగానే పనిచేస్తోంది, వెయ్యడమే ఆలస్యం. ఎఫ్-సెక్యూర్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఈ సందునూ, అదే పరికరంలో మరికొన్ని లోపాలనూ పట్టుకున్నారు.

ఇంతవరకూ తలుపు గురించే మాట్లాడుకున్నాం. తలుపు ఎంత గట్టిదన్నది సగం ప్రశ్నే. తలుపు తెరుచుకున్న క్షణాన చేతికందే చోట ఏం పెట్టి ఉంచాం అన్నది మిగతా సగం. నా దృష్టిలో అదే పెద్ద సగం.

క్రిప్టో కరెన్సీ తాళంచెవులు దాచుకునే ట్రెజర్ వన్ అనే చిన్న పరికరం సంగతి చూడండి. అందులో ఎస్‌టీఎం32 చిప్ ఉంది. దాని కాపలాకు మూడు స్థాయిలు. సున్నాలో అంతా బాహాటం. రెండులో డీబగ్ పూర్తిగా బంద్. మధ్యలో ఒకటో స్థాయి: డీబగ్ తీగ తగిలిస్తే ఫ్లాష్ మెమరీ చదవనివ్వదు, తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌ను మాత్రం చదవనిస్తుంది. గ్లిచ్‌తో రెండో స్థాయిని ఒకటో స్థాయికి దించవచ్చని పరిశోధకులు 2018 డిసెంబరులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగిన హ్యాకర్ల సభలో చూపించారు. దించితే మాత్రం ఏం, రహస్యం ఫ్లాష్‌లో కదా ఉంది? కానీ పాత ఫర్మ్‌వేర్ ఆ రహస్యాన్ని ర్యామ్‌లోకి నకలు తీసేది. అమెరికా హార్డ్‌వేర్ నిపుణుడు జో గ్రాండ్ ఈ దారినే వెళ్లి, పిన్ మరిచిపోయిన ఒక యజమానికి సుమారు 20 లక్షల డాలర్ల విలువైన టోకెన్లు తిరిగి ఇప్పించాడు. 2022లో ఆ కథ లోకానికి తెలిసింది. యజమానికి కన్నీళ్లు తుడిచిన దారే దొంగ చేతిలో పడితే ఏమయ్యేదో ఊహించడానికి కష్టపడక్కర్లేదు. బీరువాలో దాచిన నగను కాసేపటికని కిటికీ గట్టు మీద పెట్టడం లాంటిది ఆ నకలు. కిటికీ ఊచలు కాస్త వంగగానే చెయ్యి దూరింది.

తీగ, టంకం, బల్ల, ఇవన్నీ ఉండాలి కదా, మన వస్తువు మన దగ్గరున్నంతవరకు భయమేముంది అనుకోవచ్చు. 2019లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఝెన్యూ నింగ్, ఫెంగ్వే ఝాంగ్ ఆ ధీమానూ కదిలించారు. ఆర్మ్ చిప్పుల్లో ఒక కోర్, అంటే చిప్ లోపలి ప్రాసెసర్లలో ఒకటి, పక్క కోర్‌ను డీబగ్ చేసే వీలుంది. బయటి నుంచి ఏ తీగా అక్కర్లేదు. పక్క కోర్ తనకన్నా ఎక్కువ అధికారాలతో నడుస్తున్నా సరే, దాన్ని ఆపి దానిచేత పని చేయించుకోవచ్చు. దీన్ని ఆపడానికి చిప్‌లో డీబగ్ అనుమతుల సంకేతాలున్నాయి. తయారీదారులు చాలామంది వాటిని తెరిచే ఉంచేశారు. వీళ్లు ఒక హువావే ఫోన్‌లో సురక్షిత మెమరీలోని వేలిముద్ర చిత్రాన్ని ఈ పద్ధతిలోనే బయటికి తీశారు. దాడికి నెయిల్‌గన్ అని పేరు పెట్టారు.

మరి అన్ని వస్తువుల డీబగ్ దారికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే? ఒక్క పెట్టె విప్పినవాడికి లక్ష పెట్టెలూ తెరుచుకుంటాయి. మెరుగైన పద్ధతిలో చిప్ ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక సంఖ్యతో ప్రశ్న వేస్తుంది, తయారీదారు తన రహస్య తాళంచెవితో సంతకం చేసిన జవాబు ఇస్తేనే వింటుంది. నిన్నటి జవాబు ఇవాళ చెల్లదు, ఒక చిప్ జవాబు ఇంకోదానికి చెల్లదు. దీనికి తోడు చిప్‌కు బాల్యం నుంచి తుక్కు దాకా దశలు పెట్టడం ఇప్పుడు మంచి అలవాటుగా స్థిరపడుతోంది. గూగుల్, లోరిస్క్ సంస్థలు 2019లో ప్రకటించిన ఓపెన్‌టైటాన్ అనే బహిరంగ చిప్ నమూనాలో పరీక్ష, వాడకం, మరమ్మతు ఇలా ఒక్కోదానికి ఒక్కో దశ ఉంది. ఎప్పుడు ఏ దారి తెరిచి ఉండాలో దశే చెబుతుంది. మరమ్మతు కోసం వెనక్కి వచ్చిన చిప్‌లో డీబగ్ తెరవాలంటే ముందు ఫ్లాష్‌లో ఉన్నదంతా చెరిగిపోవాలి. ఎస్‌టీఎం32లోనూ ఒకటో స్థాయి నుంచి సున్నాకు దిగితే ఫ్లాష్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇల్లు ఖాళీ చేశాకే తలుపు తీస్తారన్నమాట. రిపేరు చేసుకునే హక్కు కావాలనేవాళ్ల పక్షాన నిలబడేవాణ్ణి నేను. నాకు ఈ పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది: కొన్నవాడి రహస్యం పోదు, కొన్నవాడి వస్తువూ శాశ్వతంగా మూగబోదు.

మన దగ్గర కూడా మీటర్లు, జీపీఎస్ ట్రాకర్లు, పంపుసెట్ల స్టార్టర్లు తయారుచేసే చిన్న సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసే ఇంజనీర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. ప్యాకింగు అయిపోయి లారీ ఎక్కబోయే పెట్టెల్లోంచి ఒకటి తీసి, విప్పి, మీ డీబగ్ ప్రోబ్ మీరే తగిలించండి. చిప్ తన పేరు చెబితే చెప్పనివ్వండి, అది మామూలే. తర్వాత మెమరీ చదవమని అడగండి. కరెంటు ఇచ్చిన మొదటి క్షణంలోనూ అడగండి, పూర్తిగా లేచాకా అడగండి. చదివి వినిపించిందంటే ఆ లారీని ఆపించండి.