క్యాంపస్ భద్రత: గేటు దగ్గర రోజూ వినే అపోహలు

గార్డుగా చేరి ఇప్పుడు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. యూనివర్సిటీ క్యాంపస్‌ల సెక్యూరిటీలో ఇది నా పదహారో ఏడు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు మొదట అడిగేది కెమెరాల సంగతే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సీసీ కెమెరాలుంటే ఇంక టెన్షన్ లేదు.

వాస్తవం: కెమెరా జరిగింది చూపిస్తుందే గానీ జరిగేదాన్ని ఆపలేదు. ఆ చూపించేదైనా పనికొచ్చేలా ఉండాలి. ఒకసారి పార్కింగ్‌లో ఒక విద్యార్థి బండి పోయింది. ఫుటేజీ తీస్తే హెడ్‌లైట్ వెలుగుకి నంబర్ ప్లేటు తెల్లటి మచ్చలా ఉంది. పైగా డీవీఆర్ (కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె) గడియారం 22 నిమిషాలు వెనక నడుస్తోంది. అప్పటి నుంచి ప్రతి సోమవారం గడియారం సరిచూస్తున్నాం. ఇంకో సంగతి: హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. ఏదైనా జరిగితే ఫుటేజీ దాచమని ఆ రోజే కాగితం మీద రాసివ్వండి.

అపోహ: పోలీసుల్ని పిలవాలంటే పైవాళ్ల అనుమతి కావాలి.

వాస్తవం: ఆపదలో ఉన్నవాళ్లు 112కి ఫోన్ చేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే ఈ నియమం ఉంది.

అపోహ: ర్యాగింగ్ గురించి చెబితే పేరు బయటపడుతుంది.

వాస్తవం: సమాచారం ఇచ్చినవాళ్ల పేరు గోప్యంగా ఉంచాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009 నిబంధనల్లో ఉంది. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీ పగలూ పనిచేస్తుంది. మన తెలుగు రాష్ట్రాల్లో 1997 నుంచే ర్యాగింగ్ మీద ప్రత్యేక చట్టం ఉంది.

అపోహ: అమ్మాయిల హాస్టల్ గేటు పెందలాడే మూసేస్తే వాళ్లకి రక్షణ.

వాస్తవం: దీనితో నేను అస్సలు ఒప్పుకోను. లైబ్రరీ పదింటిదాకా తెరిచి ఉంచి, గేటు ఎనిమిదిన్నరకే మూస్తే ఏమవుతుంది? ఆలస్యమైన పిల్ల వార్డెన్ తిడుతుందని భయపడి చీకటి అడ్డదారి పడుతుంది. భద్రత పేరుతో అమ్మాయిల హాస్టళ్లకి వేరే రూల్స్ పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మేము ఒక రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా నడిచి చూశాం. లెక్కకి స్తంభాలన్నీ వెలుగుతున్నాయి. కానీ ఒకచోట నిద్రగన్నేరు కొమ్మలు దీపాన్ని కమ్మేసి, వెలుగంతా ఆకుల్లోనే ఉండిపోయింది. కింద ఎదురుగా వచ్చే మనిషి ముఖం పది అడుగుల దగ్గర కూడా ఆనలేదు. మర్నాడు రెండు కొమ్మలు కొట్టించాం, అంతే. దారి కనిపించాక పిల్లలు అటే నడుస్తున్నారు. జనం తిరుగుతుంటే దానంతట అదే ఒక కాపలా.

అపోహ: ఫిర్యాదులు రావడం లేదంటే క్యాంపస్ బాగున్నట్టే.

వాస్తవం: నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఒకమ్మాయి గేటు దగ్గరికి వచ్చి, బైక్ మీద ఎవరో వెంటపడుతున్నాడని చెప్పింది. "ఈ టైంలో అటెందుకు వెళ్లావమ్మా?" అన్నాను. తిట్టాలని కాదు, అలవాటుగా వచ్చేసింది. ఆ పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి, "ఏం లేదులెండి అంకుల్" అని వెళ్లిపోయింది. రెండు వారాల తర్వాత ఇంకో అమ్మాయి అదే బైక్ గురించి ఏడుస్తూ వచ్చింది. మొదటి అమ్మాయి మాట ఆ రోజే విని ఉంటే ఈ రెండో అమ్మాయికి ఆ కష్టం వచ్చేది కాదు.

ఇప్పుడు మా గార్డులకి వరుస నేర్పాను. ముందు "బాగానే ఉన్నావా తల్లీ?" అని అడగాలి. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలి. లేడీ గార్డుని పిలవాలి. ఆ తర్వాతే బండి రంగు, నంబరు, ఎటు వెళ్లాడన్నది. లైంగిక వేధింపైతే ఇంటర్నల్ కమిటీకి (అలాంటి ఫిర్యాదుల్ని విచారించే క్యాంపస్ కమిటీ) మూడు నెలల్లోపు రాసివ్వొచ్చని, కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలని కూడా చెప్పాలి. "ఎందుకు వెళ్లావు" అన్న ప్రశ్న ఆ వరుసలో ఎక్కడా లేదు. ఆ వరుస రాసిన కాగితం గేటు రిజిస్టర్ అట్ట లోపల అంటించి ఉంది. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చినవాడు దాన్ని చదివాకే సంతకం పెడతాడు.