అప్‌డేట్, బ్లోట్‌వేర్, రూట్: మూడు వివాదాల వెనుక ఒకే తాళం

కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ సకాలంలో రావడం లేదన్న ఫిర్యాదు, కొన్న రోజే ఫోన్‌లో కనిపించిన అక్కర్లేని యాప్‌లను (బ్లోట్‌వేర్) తీసేయడానికి వీల్లేదన్న అసహనం, రూట్ చేస్తే, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం చేజిక్కించుకుంటే, వారంటీ పోతుందన్న భయం చాలాకాలంగా మూడు వేర్వేరు విషయాలుగా చర్చకు వస్తున్నాయి. చరిత్రలోకి వెళ్లి చూస్తే మూడింటి వేరూ ఒక్కటే. ఫోన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే భాగాన్ని మార్చే అధికారం కొన్నవారి చేతిలో కాక, తయారుచేసినవారి చేతిలో ఉంటుంది.

ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్. లినక్స్‌లో రూట్ అనే ఖాతాకు ఏ ఫైలూ అడ్డు కాదు, మామూలు కంప్యూటర్‌లో ఆ ఖాతా యజమాని చేతిలోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ రూపకర్తలు మాత్రం ప్రతి యాప్‌ను ఒక ప్రత్యేక వినియోగదారుగా లెక్కించి, ఒక యాప్ ఫైళ్లను మరొకటి ముట్టుకోకుండా గోడలు కట్టారు. ఫోన్ వాడే మనిషికి రూట్ ఖాతాను ఇవ్వనే లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే భాగమైన సిస్టమ్ పార్టిషన్‌ను చదవడానికే తప్ప రాయడానికి వీలు లేకుండా అమర్చారు. పొరపాటున ఎక్కించుకున్న ఒక చెడ్డ యాప్ మొత్తం ఫోన్‌ను లోబరచుకోకుండా ఆపిన ఈ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. అయితే ఆ గోడకు లోపలి వైపున ఏది పెట్టాలో నిర్ణయించే వీలు తయారీ సంస్థలకూ, వాటి ద్వారా టెలికం సంస్థలకూ దక్కింది. సిస్టమ్ పార్టిషన్‌లో కూర్చున్న యాప్‌ను ఫ్యాక్టరీ రీసెట్ కూడా కదిలించలేదు, ఎందుకంటే రీసెట్ తుడిచేది వినియోగదారు డేటాను మాత్రమే.

తాళం పూర్తిగా పడకముందే ఒక విచిత్రం జరిగింది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్ అయిన జీ1ను హెచ్‌టీసీ తయారుచేయగా, 2008 అక్టోబరులో అమెరికాలో టీ-మొబైల్ అమ్మకానికి పెట్టింది. కొద్ది వారాలకే, ఆ ఫోన్ కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరమూ తెర వెనుక నడుస్తున్న ఒక రూట్ షెల్‌కు (రూట్ అధికారంతో ఆదేశాలు అమలుచేసే ప్రోగ్రామ్‌కు) కూడా చేరుతోందని బయటపడింది. ఎవరికో పంపే సందేశంలో ‘రీబూట్’ అన్న ఆంగ్ల పదం టైపు చేసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. అదే దారిలో, బయటి నుంచి ఆదేశాలు అందుకునే టెల్నెట్ సర్వర్‌ను ప్రారంభించి ఔత్సాహికులు పూర్తి రూట్ అధికారం పొందారు. గూగుల్ ఆర్‌సీ30 అనే అప్‌డేట్‌తో ఆ రంధ్రాన్ని మూసివేస్తే, రూట్ కావాలనుకున్నవారు పాత ఆర్‌సీ29కు వెనక్కి వెళ్లే మార్గం వెతుక్కున్నారు. భద్రత కోసం వచ్చిన అప్‌డేట్‌ను వినియోగదారుడే తప్పించుకు తిరిగే పరిస్థితి అప్పుడే మొదలైంది. 2014లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) లోపం ఆధారంగా జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ టవల్‌రూట్ అనే యాప్ విడుదల చేసినప్పుడు మళ్లీ అదే జరిగింది: ఒక్క మీటతో రూట్ ఇచ్చిన ఆ లోపమే దాడిచేసేవారికీ తలుపు, దాన్ని మూసే అప్‌డేట్ వస్తే రూట్ కూడా పోతుంది.

జీ1 అనుభవం నుంచే 2009లో స్టీవ్ కాండిక్ అనే ప్రోగ్రామర్ సయనోజెన్‌మాడ్ అనే సవరించిన ఆండ్రాయిడ్‌ను రూపొందించారు. ఆండ్రాయిడ్ మూలకోడ్ అందరిదీ కాబట్టి దాన్ని సవరించి పంచడంలో చిక్కు లేదు. కానీ జీమెయిల్, మ్యాప్స్, మార్కెట్ (నేటి ప్లే స్టోర్) వంటి యాప్‌లు గూగుల్ సొంతం కాబట్టి వాటిని కలిపి పంచవద్దని అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ నుంచి లేఖ అందింది. ఆండ్రాయిడ్ వేరు, గూగుల్ ఆండ్రాయిడ్ వేరు అన్న సంగతి మామూలు వినియోగదారుకు తెలిసింది ఆ లేఖతోనే అనవచ్చు. ఫోన్‌లో ప్లే స్టోర్ పెట్టాలంటే గూగుల్ సెర్చ్, క్రోమ్ కూడా ముందుగానే పెట్టాలన్న షరతు తయారీ సంస్థలతో కుదిరిన ఒప్పందాల్లో ఉండేది. ఈ షరతుతో పాటు మరికొన్ని ఆంక్షల కారణంగా 2018 జులైలో యూరోపియన్ కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా విధించగా, 2022లో అక్కడి జనరల్ కోర్టు దాన్ని 412.5 కోట్లకు తగ్గించింది.

బ్లోట్‌వేర్ వెనుక ఉన్నది ఎక్కువగా డబ్బు లెక్కే. ఫోన్ మీద మిగిలే లాభం పలచబడినప్పుడు, యాప్ కంపెనీల నుంచి సొమ్ము తీసుకుని వాటిని ముందుగానే ఎక్కించి అమ్మడం తేలికైన ఆదాయ మార్గమైంది. ఆ యాప్‌లు స్థలం తినడం చిన్న విషయం. 2011 చివర్లో క్యారియర్ ఐక్యూ అనే సాఫ్ట్‌వేర్ ఫోన్ వాడకాన్ని లోపలి నుంచి నమోదు చేస్తోందని ట్రెవర్ ఎకార్ట్ అనే పరిశోధకుడు చూపించాడు. అది 14 కోట్లకు పైగా ఫోన్లలో ఉందని ఆ సంస్థే ప్రకటించుకుని ఉంది. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 అలాంటి యాప్‌లను ‘డిజేబుల్’ చేసే వీలు కల్పించింది. అది సగం ఊరట మాత్రమే: యాప్ నిద్రపోతుంది, చోటు మాత్రం ఖాళీ చేయదు. 2014లో దక్షిణ కొరియా ప్రభుత్వం అనవసరమైన ముందస్తు యాప్‌లను తొలగించే వీలు ఉండాలని మార్గదర్శకాలు తెచ్చింది. 2015లో షాంఘై వినియోగదారుల మండలి శామ్‌సంగ్, ఒప్పో సంస్థల మీద దావా వేసింది. పరీక్షించిన ఫోన్లలో మొదటిదానిలో 44, రెండోదానిలో 71 ముందస్తు యాప్‌లు తేలాయి.

అప్‌డేట్ల ఆలస్యం కథ వేరేలా కనిపిస్తుంది కానీ అక్కడా తాళంచెవుల లెక్కే. గూగుల్ కొత్త వెర్షన్ విడుదల చేశాక, చిప్ తయారీదారు తన డ్రైవర్లను (చిప్‌ను సిస్టమ్‌తో కలిపే కోడ్‌ను) దానికి సరిచేయాలి, ఆ తర్వాత ఫోన్ సంస్థ తన రూపురేఖలు అద్దాలి, ఆపైన చాలాచోట్ల టెలికం సంస్థ పరీక్షించి ఆమోదించాలి. ఈ వరుసలో ఎవరైనా ఒకరు, ముఖ్యంగా పాత చిప్‌కు మద్దతు ఆపేసిన తయారీదారు, చేతులెత్తేస్తే ఫోన్ అక్కడే ఆగిపోతుంది. ఫోన్ విడుదలయ్యాక 18 నెలల పాటు అప్‌డేట్లు ఇస్తామంటూ 2011 మేలో గూగుల్ తన వార్షిక సదస్సులో ప్రకటించిన కూటమి పెద్దగా ఏమీ సాధించకుండానే కనుమరుగైంది. నిజమైన కుదుపు 2015 జులైలో వచ్చింది. ఒక మల్టీమీడియా సందేశం వస్తే చాలు, తెరవకపోయినా ఫోన్ లొంగిపోయే అవకాశమున్న స్టేజ్‌ఫ్రైట్ లోపాలను జింపీరియం అనే భద్రతా సంస్థకు చెందిన జాషువా డ్రేక్ బయటపెట్టారు. సుమారు 95 కోట్ల ఫోన్లకు ముప్పు ఉందని ఆ సంస్థ అంచనా వేసింది. మరుసటి నెలలోనే గూగుల్ నెలవారీ భద్రతా అప్‌డేట్లు మొదలుపెట్టింది. 2017లో ఆండ్రాయిడ్ 8.0తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ చిప్ సంబంధిత కోడ్‌ను మిగతా సిస్టమ్ నుంచి విడదీసింది. 2019లో ప్రాజెక్ట్ మెయిన్‌లైన్ కొన్ని కీలక భాగాలను ప్లే స్టోర్ ద్వారానే సరిచేసే దారి వేసింది.

అప్‌డేట్ అంటేనే మంచిదన్న నమ్మకాన్ని దెబ్బతీసిన సంఘటనలు కూడా ఈ కాలంలోనే ఉన్నాయి. 2016 నవంబరులో క్రిప్టోవైర్ అనే భద్రతా సంస్థ, చౌక ఆండ్రాయిడ్ ఫోన్లలో అప్‌డేట్లు అందించడానికే పెట్టిన ఆడప్స్ అనే సాఫ్ట్‌వేర్ సందేశాల పూర్తి పాఠాన్నీ, కాల్ వివరాలనూ చైనాలోని సర్వర్లకు చేరవేస్తోందని వెల్లడించింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపించేది ఇదే. తీసేయలేని ముందస్తు యాప్, సిస్టమ్ స్థాయి అధికారం, అప్‌డేట్ యంత్రాంగం మూడూ ఒకే ప్రోగ్రామ్‌లో కలిసినప్పుడు వినియోగదారుకు దాన్ని గమనించే దారి కూడా లేకపోయింది. రెండేళ్ల తర్వాత, 2018 అక్టోబరులో, ఫోన్లను నెమ్మదింపజేసే అప్‌డేట్లను వినియోగదారుల చేత పెట్టించారంటూ ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఐఫోన్‌లోనైతే పాత వెర్షన్‌ను ధ్రువీకరించడం ఆపిల్ ఆపేస్తే వెనక్కి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది.

ఈ లోపు తాళం గట్టిపడుతూ వచ్చింది. వినియోగదారుల నిరసన తర్వాత 2011లో హెచ్‌టీసీ బూట్‌లోడర్ (ఫోన్ మొదలయ్యేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించే ప్రోగ్రామ్) అన్‌లాక్‌కు అధికారికంగా ఒప్పుకుంది. శామ్‌సంగ్ 2013 నుంచి నాక్స్ అనే తన భద్రతా వ్యవస్థతో, అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే తిరిగి అతకని ఒక ఎలక్ట్రానిక్ ఫ్యూజ్‌ను అమర్చింది. హువావే 2018లో అన్‌లాక్ కోడ్లు ఇవ్వడమే మానేసింది. సిస్టమ్ పార్టిషన్‌ను ముట్టుకోకుండానే రూట్ ఇచ్చే మ్యాజిస్క్ అనే సాఫ్ట్‌వేర్ 2016లో రాగా, ఫోన్ అసలు స్థితిలో ఉందో లేదో యాప్‌లకు చెప్పే సేఫ్టీనెట్‌ను, ఆ తర్వాత ప్లే ఇంటెగ్రిటీని గూగుల్ నడిపింది. వీటి మీద ఆధారపడే బ్యాంకింగ్ యాప్‌లు రూట్ చేసిన ఫోన్‌లో తెరుచుకోక మొండికేస్తాయి. ఒకప్పుడు రూట్ చేస్తే పోయేది వారంటీ మాత్రమే, ఇప్పుడు రోజువారీ అవసరమైన సేవలే పోతున్నాయి.

చట్టం వైపు తొలి అడుగు అమెరికాలో పడింది. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం నుంచి 2010 జులైలో ఇచ్చిన మినహాయింపు, సొంత ఫోన్‌ను జైల్‌బ్రేక్ చేయడం (తయారీదారు వేసిన తాళాన్ని తప్పించడం) నేరం కాదని తేల్చింది. అయితే అది చేసుకోవడానికి అనుమతించిందే తప్ప, తాళం తీసి ఇవ్వమని తయారీదారును బలవంతపెట్టలేదు. మార్కెట్ పోటీ తర్వాత కొంత పని చేసింది: 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఇచ్చాయి. 2025 జూన్ 20 నుంచి యూరప్‌లో అమలైన ఎకోడిజైన్ (ఉత్పత్తులు ఎక్కువకాలం మన్నేలా చూసే) నియమాల ప్రకారం, ఒక మోడల్ చివరి ఫోన్ మార్కెట్‌లోకి వచ్చాక కనీసం ఐదేళ్ల వరకు, వచ్చే అప్‌డేట్లను ఉచితంగా అందించాలి. ముందస్తు యాప్‌ల విషయంలో అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం 2024 మార్చి నుంచి తొలగించే వీలు కల్పించాలని ఆదేశించింది కానీ, ఆ బాధ్యత గేట్‌కీపర్లుగా, అంటే మార్కెట్‌ను శాసించే పెద్ద వేదికలుగా, గుర్తించిన సంస్థల మీదే ఉంది. 2023 సెప్టెంబరులో ప్రకటించిన ఆ తొలి జాబితాలో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్, ఆపిల్ ఉన్నాయి. తన యాప్‌లను తానే ఎక్కించి అమ్మే శామ్‌సంగ్ లేదు, టెలికం సంస్థ ఒక్కటీ లేదు.