కాపీరైట్, కాపీ కొట్టడం: మా లైబ్రరీలో రోజూ వినపడే అపోహలు – వాస్తవాలు

అమలాపురం దగ్గర ఓ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని అండి. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్ వచ్చిందంటే పిల్లలంతా పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని నా టేబుల్ చుట్టూనే తిరుగుతారు, ఎందుకంటే సిమిలారిటీ, అంటే వేరేచోట ఉన్న రాతతో ఎంత శాతం కలిసిందో చెక్ చేసే సాఫ్ట్‌వేర్ లాగిన్ నా దగ్గరే ఉంటుంది. అప్పుడు వాళ్ళు చెప్పే మాటలే ఇవన్నీ, కొన్ని మా స్టాఫ్ నోట కూడా విన్నాను లెండి. ముందే ఒక సంగతి చెప్పేస్తా: కాపీరైట్ వేరు, ప్లేజియరిజం వేరు. మొదటిది రాసినవాళ్ళ హక్కు, పర్మిషన్ ఉందా లేదా అన్నది లెక్క, తేడా వస్తే కోర్టు చూస్తుంది. రెండోది వేరేవాళ్ళ పనిని నాదే అని చూపించడం, దాన్ని కాలేజీ, యూనివర్సిటీ చూస్తాయి. ఈ రెండిటినీ ఒకటే అనుకోబట్టే మన పిల్లలు భయపడక్కర్లేని చోట వణికిపోయి, భయపడాల్సిన చోట ధీమాగా కూర్చుంటారు.

అపోహ: "కింద పేరు రాసేశానండి, ఇంక కాపీరైట్ గొడవ ఉండదు."

పేరు రాస్తే ప్లేజియరిజం తప్పుతుంది, అంతే. నిన్న మొన్న వచ్చిన పుస్తకం మొత్తం స్కాన్ చేసి, రచయిత పేరు పెద్దక్షరాల్లో పెట్టి మరీ టెలిగ్రామ్ గ్రూపులో పడేస్తే అది కాపీరైట్ ఉల్లంఘనే. తిరగేసి కూడా చూడండి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1946లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, అంటే ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2007 జనవరి 1 నుంచి అందరివీ. అచ్చేసుకోవచ్చు, నాటకం వేసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. కానీ ఆయన కథ తెచ్చి కాలేజీ మ్యాగజైన్‌లో మీ పేరు పెట్టుకుంటే? చట్టం ఏమీ అనకపోవచ్చు గానీ అది నూటికి నూరుపాళ్ళూ ప్లేజియరిజం. అదే దేవులపల్లి కృష్ణశాస్త్రి గారైతే 1980లో పోయారు కాబట్టి 2040 ఆఖరు దాకా హక్కులు ఉంటాయి. పాత పుస్తకానికి ఈమధ్య ఎవరైనా ముందుమాట, వ్యాఖ్యానం రాస్తే వాటి హక్కు విడిగా వాళ్ళది, అది మర్చిపోవద్దు.

అపోహ: "సీనియర్ అన్నే ఇచ్చాడు మేడంగారండి, దొంగతనం ఏముంది?"

దీని తమ్ముడే "డబ్బులిచ్చి చేయించుకున్నా కాబట్టి నాదే" అనేది. సీనియర్ తనంతట తాను ఇచ్చాడు కాబట్టి అతను మీ మీద కేసు వెయ్యడు, ఒప్పుకున్నా. కానీ మార్కులు వేసే లెక్చరర్‌కి మీరు చెప్తున్నది "ఈ పని నేను చేశాను" అని కదా, అది అబద్ధం. బైండింగ్ షాపులో కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు సంగతీ అంతే, పైగా అదే ఫైలు ఇంకో నాలుగు కాలేజీలకి కూడా వెళ్ళి ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఎర్రగా వెలిగిపోతుంది. చాట్‌జీపీటీ రాసిచ్చిందానికీ ఇదే ప్రశ్న వేసుకోండి. "దానికి కాపీరైట్ లేదటగా" అని నాతో వాదించి లాభం లేదు, కాలేజీ ఎంతవరకు వాడమందో కనుక్కోండి, వాడితే వాడామని రాయండి.

అపోహ: "10 శాతం వరకూ కాపీ కొట్టొచ్చు, యూజీసీయే చెప్పింది."

ఇది మాత్రం వదిలేలా లేరు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లో తెచ్చిన ప్లేజియరిజం నిబంధనల్లో లెవెల్స్ ఉన్నాయి. థీసిస్‌లో సిమిలారిటీ 10 శాతం దాకా ఉంటే పెనాల్టీ లేదు, 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సరిచేసి ఇవ్వాలి, 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు మళ్ళీ సబ్మిట్ చెయ్యనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 10 శాతం దాకా పెనాల్టీ లేదంటే పది శాతం దొంగతనానికి లైసెన్స్ ఇచ్చినట్టు కాదు, రాసేటప్పుడు మామూలుగా కలిసిపోయే మాటలు ఉంటాయి కాబట్టి ఆ వెసులుబాటు. సోర్సు చెప్పి కోట్ చేసిన భాగం, రిఫరెన్సులు, చట్టాలు, స్టాండర్డ్ ఈక్వేషన్లు అసలు లెక్కలోకే తీసుకోరు. ఇంకోటి, ఇవి పీజీ, రీసెర్చ్ వాళ్ళ థీసిస్‌లకి, పేపర్లకి. అసైన్‌మెంట్లని, ప్రాజెక్టు రిపోర్టులని ఆ నిబంధనల్లోనే పక్కన పెట్టారు, కాబట్టి మన బీఎస్సీ వాళ్ళకి కాలేజీ పెట్టుకున్న రూలే రూలు. ఇక కాపీరైట్ చట్టంలో అయితే ఈ శాతాల గోలే లేదు.

రిపోర్టులో 6 శాతం వచ్చినా నేను ఎందుకు ఆపుతానంటే, ఆ 6 శాతం మొత్తం కంక్లూజన్‌లోనే ఉంటుంది ఒక్కోసారి!

అపోహ: "మాటలు మార్చేస్తే చాలు."

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఒక రిపోర్టు వచ్చింది, చదువుతుంటే మధ్యలో "చిలకా సరస్సు చుట్టుపక్కల గ్రామాల్లో" అని ఉంది. చిలకా ఒడిశాలో కదమ్మా, మన భీమవరానికి ఎప్పుడొచ్చిందీ అంటే అమ్మాయి నవ్వేసింది. ఇంగ్లీష్ పేపర్‌ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి దించేసింది, సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు, చిలకా పట్టించింది. అనువాదం చేసినా ఆలోచన, వరస, వాక్యం అన్నీ వాళ్ళవే. పైగా అనువదించే హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే, కాబట్టి అలాంటిది అచ్చేస్తే రెండు తప్పులూ ఒకేసారి అవుతాయి.

ఉదాహరణకి అసలు వాక్యం ఇదనుకోండి: "చెరువు నీటిలో ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతే రొయ్య ఒత్తిడికి గురై తెల్లమచ్చ వ్యాధి తొందరగా బయటపడుతుంది." పిల్లలు రాసేది: "సెలైనిటీ సడన్‌గా తగ్గితే రొయ్య స్ట్రెస్‌కి లోనై వైట్ స్పాట్ త్వరగా వచ్చేస్తుంది." ఇది మాటకి మాట పెట్టడమే, వాక్యం ఎముక అదే. పేపర్ మూసేసి, అర్థమైంది మీ మాటల్లో రాసి, మీరు చెరువు గట్టు మీద రైతుని అడిగి తెలుసుకున్నది పక్కన పెట్టి చూడండి: "పెద్ద వాన కురిసిన వారంలోనే రొయ్య చచ్చిపోయిందని రైతులు చెప్పారు, నీటిలో ఉప్పు ఒక్కసారి తగ్గడం రొయ్య తట్టుకోలేదని ఫలానా పేపర్ చెప్తోంది." ఇప్పుడు అది మీ రిపోర్టు. ఇలా రాసినా సోర్సు పేరు మాత్రం రాయాలి, మాటలు మీవే గానీ విషయం వాళ్ళది.

అపోహ: "పుస్తకం జిరాక్స్ తీయిస్తే కేసు పెడతారు."

చదువుకోడానికి ఒక చాప్టర్ జిరాక్స్ తీయించుకుని కంగారు పడిపోయే పిల్లలున్నారు పాపం. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 ఉంది, సొంత చదువుకి, రీసెర్చ్‌కి, విమర్శకి, రివ్యూకి సబబైనంత వాడుకోవచ్చు, పాఠం చెప్పేటప్పుడు టీచర్లు, విద్యార్థులు కాపీ చేసుకోడానికి విడిగా మినహాయింపు కూడా ఉంది. ఢిల్లీ యూనివర్సిటీలో జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద పబ్లిషర్లు 2012లో కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు పాఠానికి అవసరమైనంత మేరకు చాప్టర్లు కలిపి కోర్సు ప్యాక్ చేసుకోవచ్చనే చెప్పింది, తర్వాతేడు పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు. అలాగని టెక్స్ట్ బుక్ మొత్తం 200 కాపీలు కొట్టించి అమ్ముకుంటానంటే ఆ తీర్పు మిమ్మల్ని కాపాడదండోయ్.

అపోహ: "నెట్‌లో ఫ్రీగా ఉంది, కాపీరైట్ గుర్తు కూడా లేదు."

గుర్తు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, రాసిన క్షణం నుంచే హక్కు వచ్చేస్తుంది. మీ రిపోర్టుకీ ఉంది. వికీపీడియా వ్యాసాల్లాగా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో వాడుకోమని రాసినవాళ్ళే ముందుగా ఇచ్చే పర్మిషన్) ఉన్నవైతే షరతులు చదివి వాడుకోండి, అక్కడ కూడా పేరు చెప్పాలి.

అపోహ: "సెక్షన్ 107 అని కింద పెడితే వీడియోకి ఏమీ కాదు."

షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్ళు, కొబ్బరితోటల మీద డ్రోన్ షాట్లు వేసి వెనక సినిమా పాట పెట్టేవాళ్ళు, డిస్క్రిప్షన్‌లో ఈ 107 పేరా తప్పకుండా అతికిస్తారు. అది అమెరికా చట్టంలో సెక్షన్ బాబూ. ఫెయిర్ యూజ్ అనేది అక్కడిది, ఎందుకు వాడావు, ఎలాంటి రచన, ఎంత వాడావు, దాని మార్కెట్‌కి దెబ్బ తగిలిందా అని నాలుగూ కోర్టు తూచి చూస్తుంది, పేరా అతికించినంత మాత్రాన ఏమీ రాదు. మన దగ్గర ఉన్నది ఫెయిర్ డీలింగ్, చట్టంలో రాసిన పనులకే వర్తిస్తుంది, ట్రావెల్ వీడియోకి వెనక పాట ఆ లిస్టులో లేదు.

కాలేజీ వార్షికోత్సవంలో స్టూడెంట్లు పాటలు పాడొచ్చా, నాటకం వెయ్యొచ్చా అని ప్రతి ఏడూ అడుగుతారు. శుభ్రంగా వెయ్యొచ్చు, చూసేవాళ్ళు స్టాఫ్, స్టూడెంట్లు, తల్లిదండ్రులు, కాలేజీకి సంబంధించినవాళ్ళే అయితే చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఊరందరికీ టికెట్లు అమ్మినా, మర్నాడు యూట్యూబ్‌లో ఎక్కించినా ఆ మినహాయింపు వర్తించదు. ఎక్కించాలని అంత సరదాగా ఉంటే మన తబలా కుర్రాడిని, హార్మోనియం వాయించే అమ్మాయిని కూర్చోబెట్టి సొంత ట్యూన్ కట్టించండి, వాళ్ళ పేర్లు వెయ్యండి.