రాత్రికి పులిహోర కట్టను: సెలవుల్లో ఇంటి తిండి మీద అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే విజయవాడ సత్యనారాయణపురంలోని మా కర్రీ పాయింట్‌కి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "ఆంటీ, రేపు తెల్లారుజామున అరకు బయల్దేరుతున్నాం. పది మందికి నిమ్మకాయ పులిహోర కట్టండి. మధ్యాహ్నానికీ, రాత్రికీ కూడా సరిపోవాలి." చింతపండుదైతే మధ్యాహ్నం దాకా కడతాను, రాత్రికి మాత్రం ఏదీ కట్టను అంటే కోపాలొస్తాయి. "పులిహోర పాడవదు కదా, పూర్వం మూడు రోజులు తినేవాళ్ళంట" అంటారు. ఆ పూర్వం వాళ్ళు దాన్ని ఎలా చేశారో, ఎలా మూటగట్టారో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నలుగురున్న కుటుంబం మూడు పూటలా హోటల్లో తింటే ఆ బిల్లు గది అద్దెతో పోటీపడుతుంది. అందుకే ఇంటి తిండి మోసుకెళ్ళేవాళ్ళంటే నాకు గౌరవం. అలాంటివాళ్ళే ఒక తప్పుడు నమ్మకం వల్ల ఊరుకాని ఊళ్ళో పిల్లాడికి సెలైన్ పెట్టించి, మిగుల్చుకున్నదంతా అక్కడ ధారపోసి వస్తుంటే చూడలేకపోతున్నాను.

అపోహ: పొద్దున కట్టిన పులిహోర రాత్రి దాకా ఉంటుంది. వాసన రాకపోతే తినొచ్చు. అనుమానంగా ఉంటే కాస్త వేడి చేస్తే సరి.

మూడు మాటలుగా చెప్పినా ఇది ఒకే అపోహ. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే.

వాస్తవం: బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. మట్టిలోంచి గింజతోపాటే వస్తుంది కాబట్టి ఎంత కడిగినా పూర్తిగా పోదు. అన్నం ఉడికేటప్పుడు బాక్టీరియా చస్తుంది గానీ దాని సిద్ధబీజాలు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటివి, చావవు. ఆ అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉండిపోతే అవి మళ్ళీ మేలుకుని, పెరిగి, విషాన్ని వదులుతాయి. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు, జిగురు కూడా కనపడదు. వేడికి విరగదు కూడా. మళ్ళీ స్టవ్ మీద పెట్టి పొగలు కక్కేలా వేడిచేసినా బాక్టీరియా చస్తుందేమో గానీ అప్పటికే తయారైన విషం అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి.

వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయిదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల మధ్య వేడి బాక్టీరియాకు అనుకూలం. మే నెలలో మన బెజవాడ ఎండకి మూసిన కారు డిక్కీలో ఎంత వేడి ఉంటుందో ఒకసారి చెయ్యిపెట్టి చూడండి.

మరి పులుపు కాపాడదా అంటారు. కాపాడుతుంది, కాదనను. చింతపండు పులుపు బాక్టీరియాను బాగా నెమ్మదింపజేస్తుంది. అయితే అది గింజగింజకూ పట్టాలి, తగినంత ఉండాలి. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఆర్డర్లన్నీ "పిల్లలు తింటారు, పులుపు తగ్గించండి, కారం తగ్గించండి" అనే. కిలో బియ్యానికి రెండు నిమ్మకాయలు పిండితే అది పులిహోర కాదు, పసుపు కలిపిన అన్నం. మామూలు అన్నం ఎంతసేపు ఉంటుందో అదీ అంతే.

ఇక హాట్‌బాక్స్. అందరూ దాన్ని రక్షణ కవచం అనుకుంటారు. పొద్దున అయిదింటికి పొగలు వచ్చే పులిహోర నొక్కి నింపి మూత బిగిస్తారు. పదకొండింటికి మూత తీస్తే లోపలి వైపు ఆవిరి చెమటపట్టి చుక్కలు చుక్కలుగా అన్నం మీద పడుతుంటుంది. పైన ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది. వేలు మధ్యలోకి దింపితే ఇంకా గోరువెచ్చగా, తడితడిగా తగులుతుంది. బాక్టీరియాకు కావలసింది సరిగ్గా ఆ గోరువెచ్చదనమే. మామూలు హాట్‌బాక్స్ అన్నాన్ని ఆరు గంటలు అరవై డిగ్రీల పైన ఉంచలేదు, చల్లారనివ్వదు కూడా.

మా అమ్మమ్మ పద్ధతి వేరు. అన్నం పలుకుగా వార్చి, ఇత్తడి తాంబాళంలో పల్చగా పరిచి, నువ్వుల నూనె, పసుపు, ఉప్పు, పచ్చి కరివేపాకు వేసి ఆరబెట్టేది. గింజకు గింజ విడిపోయి చేతికి చల్లగా తగిలాక, ముఖం ముడుచుకునేంత పుల్లటి చింతపండు గుజ్జు కలిపేది. పూర్తిగా ఆరాక గానీ విస్తరాకుల్లో కట్టేది కాదు. అది మర్నాడు తిన్నారంటే నమ్ముతాను. ఆ పేరు చెప్పుకుని హాట్‌బాక్స్‌లో నిమ్మకాయ అన్నం మర్నాడు తింటామంటే మాత్రం ఒప్పుకోను.

మా ఆడపడుచు వాళ్ళు గుంటూరు బ్రాడీపేట నుంచి శ్రీశైలం వెళ్ళారు. తెల్లారుజామున చేసిన నిమ్మకాయ పులిహోర మధ్యాహ్నం దాటాక దోర్నాల దగ్గర ఆగి తిన్నారు. ఘాట్ ఎక్కుతుండగా చిన్నదానికి వాంతులు, గంట గడవకుండా పెద్దాడికీ. ఘాట్ మలుపులకి కడుపులో తిప్పిందని సర్దిచెప్పుకున్నారు. తర్వాత దార్లో తాగించిన చెరుకురసాన్ని తిట్టారు. డబ్బాలో మిగిలింది వాసన రావడం లేదు కదా అని రాత్రి సత్రంలో వేడిచేసి బావగారు తిన్నారు. తెల్లవార్లూ ఆయనా లేస్తూనే ఉన్నారు. పొద్దున ఫోన్ చేస్తే పులిహోర ఎలాంటి డబ్బాలో పెట్టారని నేనే అడగాల్సి వచ్చింది. జనం ఎప్పుడూ చివరగా తిన్నదాన్నే అనుమానిస్తారు. ఇంటి తిండి మీద అనుమానం రాదు. అందుకే ఈ అపోహ తరాలు దాటి వస్తోంది.

ఇది చదివి భయపడే తల్లులకు ఒక మాట. ఇన్నాళ్ళూ అలాగే పెట్టాం కదా అని బెంగపడకండి. ప్రతిసారీ ఇలా జరగదు. జరిగినా పెద్దవాళ్ళు చాలావరకు ఒక్కరోజులో తేరుకుంటారు. పిల్లలకు మాత్రం ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పూర్తిగా, దాని మీద రాసినన్ని మంచినీళ్ళలో (పెద్ద ప్యాకెట్‌కి ఒక లీటరు) కలిపి చెంచాలతో కొద్దికొద్దిగా పట్టండి. సగం ప్యాకెట్, సగం గ్లాసు లెక్కలు వద్దు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా, గుట్టగా కాకుండా కొలిచి కలపండి. పిల్ల మూత్రం పోయకపోయినా, మత్తుగా పడుకుండిపోయినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మరి ఏం తీసుకెళ్ళాలి? గుజ్జు తీసుకెళ్ళండి, అన్నం అక్కడ వండుకోండి. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ ఇదే చెబుతాను. అరకిలో బియ్యానికి 75 గ్రాముల చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీయండి. నువ్వుల నూనెలో పచ్చిమిర్చి చీలికలు, కరివేపాకు, పసుపు, ఉప్పు, గుజ్జు వేసి సన్నసెగ మీద నూనె పైకి తేలేదాకా మగ్గనివ్వండి. గరిటె అడుగున గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అంతవరకూ దించొద్దు. చల్లారాక పొడి సీసాలో పెడితే మూడు నాలుగు రోజుల ప్రయాణానికి ఢోకా లేదు. పల్లీలు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు వేరే పొట్లం కట్టండి, మెత్తబడదు. ఆవపొడి ఇంకో చిన్న పొట్లం. గది చేరాక కుక్కర్లో అన్నం పెట్టి, పళ్ళెంలో పరిచి ఇవన్నీ కలిపితే వేడివేడి పులిహోర. స్నానాలు అయ్యేలోపు తయారవుతుంది.

ఆరబెట్టి కట్టిన చింతపండు పులిహోరైతే మధ్యాహ్న భోజనం దాకా నేనే కట్టిస్తాను. నిమ్మకాయదైతే ఉదయం టిఫిన్‌కే. మిగిలితే పారెయ్యండి. పారేసే అన్నం చూసి ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. అందుకే తక్కువ కట్టించుకోండి.

అపోహ: బయట వండుకోవాలంటే వంటిల్లంతా మోసుకెళ్ళాలి.

వాస్తవం: ఒక చిన్న రైస్ కుక్కర్, ఒక గరిటె, చాకు, నాలుగు పళ్ళేలు చాలు. ముందుగా గదిలో వండుకోనిస్తారా అని బుక్ చేసేటప్పుడే అడగండి. ఇండక్షన్ స్టవ్ అందరూ గొప్పగా పట్టుకెళ్తారు గానీ అది 2000 వాట్ల దాకా లాగుతుంది. మంచం పక్కనుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, 1400 వాట్లు కూడా మొయ్యదు. లీటరు కుక్కర్ 400 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, దానికి ఆ సాకెట్ చాలు.

ఆ ఒక్క కుక్కర్లోనే పులగం అవుతుంది: గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, అయిదు గ్లాసుల నీళ్ళు, మిరియాలు, జీలకర్ర, పైన నెయ్యి. పొంగిపోతుంది కాబట్టి గిన్నె సగానికి మించి నింపొద్దు, చిన్న కుక్కరైతే రెండు విడతలుగా పెట్టండి. నలుగురికి వంద రూపాయలు కూడా దాటదు. ఉప్మాకి రవ్వను ఇంట్లోనే నెయ్యిలో దోరగా వేయించి, తాలింపు, కరకరలాడే కరివేపాకు కలిపి డబ్బాలో పోసుకోండి. తడి ఉండే ఉల్లిపాయ, పచ్చిమిర్చి అందులో వెయ్యొద్దు, అక్కడ తరుక్కోండి. గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల మరిగే నీళ్ళు. అటుకులు తడిపి అదే చింతపండు గుజ్జు కలిపితే పొయ్యి కూడా అక్కర్లేదు. వేడి అన్నం, కందిపొడి, నెయ్యి, ఉడికించిన గుడ్డు ఉంటే పిల్లలు ఇంకేమీ అడగరు. టమాటాలు, అరటిపళ్ళు, పెరుగు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, ఇక్కడినుంచి మొయ్యక్కర్లేదు.

అపోహ: రైల్లో చిన్న సిలిండర్ స్టవ్ దాచి తీసుకెళ్తే ఎవరికీ తెలీదు.

వాస్తవం: ఈ మాట ఇంకోసారి నా దగ్గర అనొద్దు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో తెల్లారుజామున టీ కాచుకోబోతే గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. వాళ్ళూ మనలాగా ఖర్చు తగ్గించుకుని ఇంటి వంట తినాలనుకున్న మామూలు మనుషులే. మండే వస్తువులు రైల్లోకి తేవడం రైల్వే చట్టం సెక్షన్ 164 కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. ఫోన్ చార్జింగ్ సాకెట్లో ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టడం కూడా నిషిద్ధమే. రైల్లోకి ఇడ్లీలకు కారప్పొడి, నూనె పట్టించి తీసుకెళ్ళండి. కొబ్బరి చట్నీ వద్దు, ఎండాకాలం ఇట్టే పులిసిపోతుంది.

అపోహ: నూనె తేలే పచ్చడికి ఏమీ కాదు.

వాస్తవం: తడి చెంచా పెడితే అవుతుంది, బూజు పడుతుంది. పెద్ద జాడీ తీసుకెళ్ళకుండా పూటకి సరిపడా చిన్న డబ్బాల్లో సర్దుకోండి.

అపోహ: పేపర్లో చుడితే నూనె పీల్చుకుంటుంది, మంచిది.

వాస్తవం: అచ్చు సిరాలో సీసం లాంటివి ఉంటాయి, వేడి నూనెకి అది తిండిలోకి దిగుతుంది. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెప్పింది. అరిటాకు ఉండగా పేపరెందుకు?

అపోహ: క్షేత్రాల్లో అన్నప్రసాదం తినడం నామోషీ.

వాస్తవం: తిరుమలలో 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది, కలవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే బంతిలో కూర్చుంటారు. వేడిగా వండి వేడిగా వడ్డిస్తారు. ఆ పూట వంట పెట్టుకోకుండా అక్కడే తినండి. మిగిలిన డబ్బుతో పిల్లలకు పళ్ళు కొనండి.

అపోహ: ఊటీలో కందిపప్పు ఉడకకపోతే పప్పు మంచిది కాదన్నమాట.

వాస్తవం: పప్పుది తప్పు కాదు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ, సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఊటీ 2240 మీటర్ల ఎత్తు, అక్కడ 93 డిగ్రీల దగ్గరే మరుగు వచ్చేస్తుంది. మామూలు రైస్ కుక్కర్లో కందిపప్పు గంటైనా బద్దలు బద్దలుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ అయినా ఉండాలి, లేదంటే పెసరపప్పు కట్టుకోండి. అన్నానికి కూడా బియ్యం అరగంట ముందే నానబెట్టి, అర గ్లాసు నీళ్ళు ఎక్కువ పొయ్యండి. అరకులో ఈ ఇబ్బంది అంతగా ఉండదు.

చింతపండు గుజ్జు మా దగ్గరే కావాలంటే ముందురోజు మధ్యాహ్నం లోపు చెప్పండి. మగ్గడానికి, పూర్తిగా చల్లారడానికి టైం పడుతుంది. వేడిగా ఉండగా సీసాలో పోసి ఇచ్చెయ్యమంటే ఇవ్వను. బియ్యానికి గుజ్జు ఎంత, నీళ్ళు ఎన్ని అనేది కాగితం మీద రాసి సీసాకి అంటించి పంపిస్తాను.